మరల చెప్పిన కథ

ఒక చిత్రమును వేరొక దేశమువారు మరల తీసినప్పుడు ప్రేక్షకులు రెండుగా చీలుదురు. 2011 నాటి ఫ్రెంచి చిత్రము 'న్యూయి బ్లాంష్'లో, మాదకద్రవ్యపు సంచిని కాజేసిన పోలీసు అధికారి చెరబడిన కుమారునికై నృత్యశాలలో రాత్రియెల్ల పెనుగులాడును. ఆ కథయే 2015లో కమల్ హాసన్ 'చీకటి రాజ్యం'గా తెలుగునకు, 2017లో 'స్లీప్‌లెస్'గా హాలీవుడ్‌కు చేరెను. మూలమెరిగినవారికది చర్వితచర్వణము, ఎరుగనివారికి ఉత్కంఠభరితము. కల్పితకథ గనుక, తండ్రి వేదన నిలిచినచో తక్కినది మారినను దోషములేదు.

నిజజీవితమునకు అట్టి స్వేచ్ఛ చెల్లునా? అల్లూరి సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరులో తుపాకిగుండ్లకు బలియయ్యెను. 1974లో కృష్ణ చిత్రము ఆ జీవితమును చెప్పగా, 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' ఆయనను కొమురం భీమునితో కలిపి కల్పన నల్లెను. దానిని ఆనందించుట తప్పుగాదు. చరిత్రగా నేర్చుటయే తప్పు. తెరను చూచిన విద్యార్థికి కొయ్యూరును చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే.