గుర్రం చీలిన గిటారు

వీణ కుండ మీద తీగలను ఎత్తిపట్టే చెక్కకు మనవాళ్ళు 'గుర్రం' అని పేరు పెట్టారు. తీగలు దాని మీద స్వారీ చేస్తాయి గనుక కాబోలు! తమిళులది 'కుదిరై', కన్నడిగులది 'కుదురె'. ఎక్కడో ఉన్న ఫ్రెంచివారు కూడా వయొలిన్‌కున్న అలాంటి చెక్కను 'షెవలే' అంటారు. అంటే బుల్లి గుర్రమే! ఆంగ్లేయులు మాత్రం 'బ్రిడ్జి' అని వంతెనను చేశారు.

గిటారు దగ్గరకు వచ్చేసరికి ఈ రెండు పేర్లూ నప్పవు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణను చూడండి. ఏడు తీగలూ గుర్రం మీదుగా దాటిపోయి, కుండ చివరనున్న నాగపాశానికి ముడిపడతాయి. లాగుడంతా నాగపాశానిది, గుర్రం మోసేది బరువు మాత్రమే. గిటారులో తీగలు బ్రిడ్జికే ముడిపడతాయి. ఆ బ్రిడ్జిని పలుచని పైపలక మీద జిగురుతో అంటిస్తారు. కాబట్టి అది గుర్రమూ కాదు, వంతెనా కాదు; పశువును కట్టిన గుంజ. పశువు బలిసిన కొద్దీ గుంజకు గండం!

ఈ గండమే మా వీధి కుర్రాడికి వచ్చింది. గాజువాకలో వెల్డింగు పని చేసుకుంటూ, కూడబెట్టిన డబ్బుతో చవకలో ఒక గిటారు కొనుక్కున్నాడు. క్రిస్మస్‌కు చర్చిలో పాటలకు వాయించాలి. పన్నెండు రోజుల వ్యవధి ఉన్నది.

"మాస్టారండీ, బ్రిడ్జి సీలిపోనాదండి! కొట్టోళ్ళు కొత్తది కొనుక్కోమంతన్నారండి" అంటూ వచ్చాడు. ఇంట్లో రంపం, ఆకురాయి పెట్టుకున్న తెలుగు మాస్టారు మా వీధిలో నేనొక్కణ్ణే మరి!

ముందు ఒక పరీక్ష చెయ్యాలి. పలుచని కాగితం ముక్కను బ్రిడ్జి వెనుక అంచు కిందికి దోపి చూడండి. కాగితం దూరితే బ్రిడ్జి పలక నుంచి లేస్తున్నదన్నమాట. దాన్ని మొత్తం ఊడదీసి అతకాలి. అది చేయితిరిగినవారి పని. మా వాడి గిటారులో కాగితం దూరలేదు. తీగలు కట్టే ఆరు రంధ్రాల వరసన చెక్క మాత్రం చీలింది. ఇది ఇంట్లో బాగుచేసుకోదగినదే.

చీలిక ఎందుకు వచ్చిందో తెలియకుండా జిగురు పూస్తే లాభం లేదు. అది నైలాన్ తీగల కోసం చేసిన గిటారు. చర్చిలో పదిమందికీ వినపడాలని అతను ఉక్కు తీగలు బిగించాడు. నైలాన్ తీగలు ఆరూ కలిసి లాగేది సుమారు 40 కిలోల బరువు. మామూలు ఉక్కు తీగల జత 70 కిలోలు దాటుతుంది. ఆ చిన్న చెక్క ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?

ఇక పని. తీగలన్నిటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి తీసివెయ్యాలి. తీగలు ఆనే తెల్ల బద్దను తీసి జాగ్రత్త చెయ్యాలి. చీపురు పుల్లలకు మైనం రాసి ఆరు రంధ్రాల్లోనూ గుచ్చితే జిగురు వాటిని పూడ్చదు. 1959లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెవికాల్ వంటి తెల్లని వడ్రంగి జిగురు దీనికి చాలు. చీలికను పలుచని బ్లేడుతో కాస్త తెరచి, జిగురును వేలితో లోపలికంటా నొక్కాలి. చుట్టూ మైనపు కాగితం పరచి, ముందూ వెనుకా చిన్న చెక్కముక్కలు ఆన్చి సీ-క్లాంపు బిగించాలి. అంచున జిగురు చుక్కలు చెమర్చగానే ఆగాలి. బలం కొద్దీ తిప్పితే ఉన్న జిగురంతా బయటికి వస్తుంది. కారినదాన్ని తడిగుడ్డతో తుడిచి, పుల్లలను ఒకసారి తిప్పి వదిలి, ఒక రోజంతా ముట్టుకోకూడదు.

మా వాడికి ఆ ఒక్క రోజే కష్టమైంది. రెండుసార్లు వచ్చి క్లాంపు వంక చూసిపోయాడు!

మరునాడు నైలాన్ తీగలు కట్టాము. మొదటి రోజు శ్రుతి ఒక స్వరం తగ్గించి ఉంచి, రాత్రి గడిచాక చీలిక ఉన్న చోటు చూసి, మెల్లగా పైకి తెచ్చాము. అతుకు నిలిచింది. నాదం మాత్రం నెమ్మదించింది.

"ఇనపడదేమోనండి" అని దిగులుపడ్డాడు.

"మైకు ముందు కూర్చోవోయ్! అరవటం మైకు పని, గిటారు పని కాదు" అన్నాను.

అలాగే కూర్చున్నాడు. క్రిస్మస్ పాటలన్నీ ఆ గిటారు మీదనే వాయించాడు.

చవక గిటారు ఉన్నవారికి ఒక మనవి. కొత్త తీగలు కొనబోయేముందు మీ గిటారు నైలాన్‌దో ఉక్కుదో కనుక్కోండి. ఉక్కుదే అయినా సన్న తీగల జత వేస్తే లాగుడు పది కిలోల దాకా తగ్గుతుంది. ఎండలో నిలిపిన కారులో వాద్యాన్ని ఉంచకండి. వేడికి జిగురు మెత్తబడుతుంది. జిగురు డబ్బాకు కాస్త డబ్బు అవుతుందేమో గాని, ఈ జాగ్రత్తలకు దమ్మిడీ ఖర్చు లేదు సుమా!