పోస్టరు మీద లేని పేరు

సర్కస్ అనగానే మనకి ఏనుగు గుర్తొస్తుంది. దాని పక్కన నిలబడ్డ మనిషి గుర్తుకు రాడు. అలాంటి ఒకాయన గురించి చెప్తాను.

పేరు ఎఫ్ థాంప్సన్, అమెరికా నల్లజాతీయుడు. 1880ల్లో ఆడమ్ ఫోర్‌పా సర్కస్‌లో ఏనుగులకి ఆటలు నేర్పేవాడు. అక్కడ తొండానికి గ్లవ్ కట్టుకుని మనిషితో బాక్సింగ్ ఆడే ఏనుగు ఒకటుండేది. దానికి అప్పటి చాంపియన్ జాన్ ఎల్. సలివన్ పేరే పెట్టారు. అలాంటి ఆట వెనక నెలల సాధన ఉంటుంది. తిండి ఆశ, అంకుశం భయం కూడా ఉంటాయి. ఆ ఏనుగుకి నేర్పిన చెయ్యి థాంప్సన్‌ది. పోస్టర్ల మీద వెలిగింది మాత్రం యజమాని కొడుకు పేరు!

వర్ణవివక్ష వల్ల సొంత దేశంలో దక్కని పేరు ఆయనకి యూరప్‌లో దక్కింది. అక్కడ సొంతంగా ఏనుగుల బృందం నడిపాడు. 1909లో కన్నుమూశాడు.

ముసలిదైన ఆ ఏనుగు 1922లో న్యూయార్క్ నుంచి సోమర్స్ ఊరిదాకా నడిచింది. ఓల్డ్ బెట్ అనే పాతకాలపు సర్కస్ ఏనుగు స్మారకానికి నివాళిగా ఆ నడక. ఏనుగుని తలుచుకున్నారు, మంచిదే. నేర్పినవాణ్ణి ఎంతమంది తలుచుకున్నారు?

ల్యాబ్‌లో సర్క్యూట్ ఒకరు కట్టి, స్లయిడు మీద ఇంకొకరి పేరు పడినప్పుడల్లా నాకు థాంప్సన్ గుర్తొస్తాడు.