పిల్లలు నవ్వితే నాటకం ఆగింది

సినిమా హాల్లో ఎంత ఈల వేసినా తెర మీది హీరోకి వినపడదు. నాటకంలో అలా కుదరదు. హైదరాబాద్ రవీంద్రభారతిలో సురభి వారి 'మాయాబజార్' చూస్తున్నాం. మాయా శశిరేఖ పెళ్లికొడుకు లక్ష్మణకుమారుణ్ణి ఏడిపించే ఘట్టం వచ్చింది. మా తొమ్మిదో తరగతి వరసలన్నీ పగలబడి నవ్వాయి. ఆ నటి తర్వాతి మాట పెదవి దాకా తెచ్చి ఆపేసింది. నవ్వు సద్దుమణిగాకే అందుకుంది.

"మన కోసమే ఆగింది సార్" అన్నాడు నా పక్కన కూర్చున్న పిల్లవాడు.

రంగారెడ్డి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. యూట్యూబులో ఉన్న నాటకానికి బస్సు కట్టించుకుని పోవడమెందుకని తోటి టీచర్లు అడుగుతుంటారు. ఆ పిల్లవాడి మాటే నా జవాబు. తన నవ్వుకి ఎదుటి కళాకారిణి లయ మారిందని వాడు కనిపెట్టాడు. ఫోనులో ఆ సంగతి తెలిసే వీలు లేదు.

కొత్తగా తీసుకెళ్లేవాళ్లు సురభితో మొదలుపెడితే మంచిది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజమిది. మూలపురుషుడు వనారస గోవిందరావు. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. మిగతా సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న కాలంలో సురభి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. తరాలుగా పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే వేషం కట్టి పెరుగుతున్నారు.

బయలుదేరే ముందు ఒక పీరియడ్ చాలు. బోర్డు మీద చుట్టరికాలు రాస్తాను. శశిరేఖ బలరాముడి కూతురు. అభిమన్యుడు సుభద్ర కొడుకు, అంటే మేనత్త కొడుకు. పెళ్లి కుదిర్చింది మాత్రం దుర్యోధనుడి కొడుకుతో. ఘటోత్కచుడు అభిమన్యుడికి అన్న వరస. అంతే, అక్కడితో చాక్‌పీసు కింద పెడతాను. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోతాయని ముందే చెబితే సగం నాటకం బడిలోనే అయిపోతుంది. నవ్వొస్తే నవ్వండి, నచ్చితే చప్పట్లు కొట్టండి, ఫోన్లు మాత్రం తీయకండి అంటాను. చీకటి హాల్లో ఆ వెలుగు నటుడి కంట్లోనే పడుతుంది మరి.

అసలు చిక్కు డబ్బు కాదు, వేళ. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ఎలాగోలా వస్తాయి. సాయంత్రం ఆటంటే మాత్రం ఆడపిల్లల ఇళ్లలో వెనకాడతారు. అందుకే బస్సులో ఇద్దరు టీచరమ్మలు తప్పక ఉండాలి, పిల్లల్ని ఏ ఊరివాళ్లని ఆ ఊళ్లోనే దింపాలి. చుట్టుపక్కల బడులు నాలుగు కలిసి ముందుగా అడిగితే పగటి ఆటకు సమాజం వాళ్లు ఒప్పుకునే వీలుంటుంది.

రెండో నాటకంగా పద్యనాటకం చూపించాలి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లోంచి కృష్ణ రాయబారం ఆడిన రోజున కృష్ణుడు ఒక పద్యం ఎత్తుకుని, చివరి పాదాన్ని రాగంతో సాగదీసి దించాడు. వెనక నుంచి పెద్దవాళ్లు "వన్స్ మోర్" అని కేక వేశారు. మా పిల్లలు బిత్తరపోయారు. హార్మోనియం మళ్లీ శ్రుతి పట్టింది, కృష్ణుడు మళ్లీ పాడాడు. ఆ తర్వాతి పద్యం ముగియగానే మొదటి కేక మా వరసలదే. తిరుగు ప్రయాణంలో ఒకమ్మాయి "రెండోసారి రాగం ఎక్కువ తీసిండు సార్" అంది. రెండుసార్లూ ఒకేలా లేదని పట్టుకోగలిగిందంటే ఆ పిల్ల నాటకం చూసినట్టే.

ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్లనిమ్మని ముందే అడిగి పెట్టుకోవాలి. సురభి తెరల మీద దర్బారు, అడవి, వీధి చిత్రించి ఉంటాయి. దగ్గరికెళితే అడ్డదిడ్డంగా కొట్టిన రంగు మరకలు, ముతక గుడ్డ, అక్కడక్కడా మాసికలు. కుర్చీల్లోకి వెనక్కొచ్చి చూస్తే అదే రాజభవనం స్తంభం. మా పిల్లలు స్టేజీ ఎక్కుతూ దిగుతూ ఆ తేడాని మళ్లీ మళ్లీ చూశారు. "లడ్డులు ఎట్ల ఎగిరినయ్?" అని ఒకడు అడిగితే, ఒకాయన నవ్వి పక్క వింగులో వేలాడుతున్న తాడు చేతికిచ్చాడు. వాడు లాగి చూసి "మస్తు బరువుంది" అన్నాడు. గాల్లో తేలికగా కనిపించే ప్రతి మాయకీ చీకట్లో ఒక మనిషి చెమట ఓడుస్తున్నాడని ఆ తాడే చెప్పింది.

మర్నాడు వ్యాసం రాయమనను. రాయమంటే నాటకం కూడా ఇంకో పాఠమైపోతుంది. 'మళ్లీ చూడాలనిపించిన చోటు ఏది, ఎందుకు?' అని ఒకే ప్రశ్న వేస్తాను. జవాబులకు ఒకదానితో ఒకటి పోలిక ఉండదు. ఇప్పుడు తరగతిలో పద్యం వస్తే పిల్లలు ముందు పాడమంటున్నారు, అర్థం తర్వాత అడుగుతున్నారు. పరీక్షలున్నాయి కాబట్టి ప్రతిపదార్థం మాత్రం ఇప్పటికీ రాయిస్తున్నాను.