లెక్క మన చేత్తో మనమే తీయాలె

దళితుల ఆర్థిక స్థితి మీద యూనివర్సిటీల్లో జరిగే పరిశోధనల్లో ఓ విచిత్రం ఉంది. ఊళ్ళు తిరిగి, వాడల్లో కూచుని ప్రశ్నావళి నింపేది మనవాళ్ళే. ఆ కాగితాల కట్ట మాత్రం చివరకు తార్నాకలో ఏ డి.టి.పి. సెంటర్లోనో, తెలిసినాయన గదిలోనో తేలుతుంది. చాప్టరుకింత అని డబ్బులిస్తే పట్టికలు, రిగ్రెషన్లు తయారై వస్తాయి. మన బతుకు మీద మనం రాసే ముగింపు ఇంకెవరో తీసిన అంకె మీద నిలబడుతుంది. వైవాలో 'ఈ గుణకానికి అర్థమేంది?' అని అడిగితే నీళ్ళు నమలాలె. ఉస్మానియా హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మొదటి తరం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ప్యాకేజీల సంగతి. ఎస్.పి.ఎస్.ఎస్. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో సాంఘిక శాస్త్రాల కోసమే పుట్టింది. 2009లో ఐ.బి.ఎం. దాన్ని కొనుక్కుంది. మెనూ మీద మౌస్ నొక్కితే పనైపోతుంది గనక చాలామందికి దానితోనే అలవాటు. స్టాటా 1985లో వచ్చింది, అర్థశాస్త్రం వాళ్ళకు అది ఇష్టం. కొనాలంటే రెండూ మన ఫెలోషిప్పుకు అందవు. దొంగకాపీ వెంట పడేకన్నా 'ఆర్' నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో తయారుచేసిన ఈ ప్యాకేజి పూర్తిగా ఉచితం. ఆదేశాలు ఇంగ్లీషులో టైపు చెయ్యాలె కాబట్టి మొదటి నెల విసుగు పుడుతుంది. అయితే ఆ ఆదేశాలన్నీ ఒక ఫైల్లో దాచుకుంటే ఏ అంకె ఎట్లా వచ్చిందో ఎవరికైనా చూపెట్టొచ్చు. (ఎస్.పి.ఎస్.ఎస్.లోనూ ఇట్లా దాచుకునే వీలుంది. దాచుకునేవాళ్ళే తక్కువ.) పైకులపాయన చెప్తే గణాంకం, మనం చెప్తే ఆవేశం అనే చోట ఆ ఫైలే మన రసీదు.

ఇక డేటా. జాతీయ నమూనా సర్వే 1950 నుంచి నడుస్తోంది. ఇంటింటి వివరాలతో ఉన్న మూల డేటా కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితంగా దొరుకుతుంది. విప్పి చూస్తే బారులు తీరిన అంకెలే. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో చెప్పే లేఅవుట్ ఫైలు వేరుగా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని కూచోవాలె. సామాజిక వర్గం అనే గడిలో 1 అంటే ఎస్టీ, 2 అంటే ఎస్సీ, 3 అంటే ఓబీసీ, 9 అంటే ఇతరులు. ఓబీసీ గడి వచ్చింది 1999-2000 నాటి 55వ రౌండులో. అంతకుముందు వాళ్ళంతా 'ఇతరుల్లో'నే కలిసి ఉన్నారు. అందుకని 1993-94 నాటి 'ఇతరుల'ను ఇప్పటి 'ఇతరుల'తో పోలిస్తే లెక్క తప్పుతుంది. పైగా ఈ అంకెలు పేర్లే తప్ప విలువలు కావు. ప్యాకేజికి ఆ సంగతి తెల్వదు. సగటు తియ్యమంటే కులం సగటు 2.7 అని సిగ్గు లేకుండా తీసి చేతిలో పెడుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది 'వెయిట్' దగ్గర. ఓ ఉదాహరణ అనుకుందాం. ఒక ఊళ్ళో 400 ఇళ్ళు, ఇంకో ఊళ్ళో 80 ఇళ్ళు. రెండింట్లోనూ 8 ఇళ్ళ చొప్పున అడిగారు. మొదటి ఊళ్ళో 8 లో 6 ఇళ్ళకు భూమి లేదు, రెండో ఊళ్ళో 2 ఇళ్ళకు లేదు. ఊరికే కలిపితే 16 లో 8, అంటే 50 శాతం. కానీ మొదటి ఊళ్ళో అడిగిన ఒక్కో ఇల్లు 50 ఇళ్ళ తరఫున మాట్లాడుతోంది, రెండో ఊళ్ళో ఇల్లు 10 ఇళ్ళ తరఫున. ఆ ప్రకారం లెక్క కడితే 480 లో 320, దాదాపు 67 శాతం. వెయిట్ మర్చిపోతే భూమిలేనివాళ్ళలో పావువంతు కాగితం మీంచి మాయం!

సగటుదీ ఇదే కథ. తొమ్మిది ఇళ్ళకు నెలకు 8,000, పదో ఇంటికి 80,000 వస్తే సగటు 15,200. అంత సంపాదించే ఇల్లు ఆ పదింట్లో ఒక్కటీ లేదు. మధ్యగతం తీస్తే 8,000 అని నిజం బయటపడుతుంది.

రిగ్రెషన్‌కు ఒక మంచి నమూనా సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం. ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు సరిసమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. సవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే 'ఆడ్స్' 0.67 అని తేలింది. దీన్ని 'అవకాశం 33 శాతం తక్కువ' అని చదవగూడదు. ఆడ్స్ అంటే వచ్చిన పిలుపులను రాని పిలుపులతో భాగించడం. సవర్ణ పేరుకు వందలో 20 పిలుపులు వస్తాయనుకోండి, ఆడ్స్ 20/80, అంటే 0.25. దాన్ని 0.67తో గుణిస్తే సుమారు 0.17. మళ్ళీ వందలోకి మారిస్తే 14 పిలుపులు. పోయిన ఆ ఆరు పిలుపులూ ఒక్క పేరు ఖరీదు. వైవాలో ఇంత వివరంగా చెప్పగలిగినవాణ్ణి ఎవరూ కదిలించలేరు.

ప్యాకేజి తీర్చలేని సమస్యలూ ఉన్నాయి. కోడ్ 2 లో మాల, మాదిగ, డక్కలి, మిగతా కులాలన్నీ ఒకే ముద్ద. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలుచేసిన చట్టం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా విడదీసింది. ఏ గ్రూపుకు ఎంత కూలి గిడుతోందో చెప్పడానికి నమూనా సర్వే గడిలో జాగా లేదు. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలది ఇంకో చిక్కు. కాగితం మీద వాళ్ళు బి.సి.-సి. సర్వే వాళ్ళు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఏం చెప్పారో దాన్నిబట్టి 2 పడొచ్చు, 3 పడొచ్చు. మతం గడినీ, వర్గం గడినీ కలిపి పట్టిక వేసి చూస్తే ఈ తికమక కొంత కనపడుతుంది. మనం సొంతంగా చేసే సర్వేల్లోనైతే కులం పేరు పూర్తిగా రాయించుకోవాలె, కోడ్ తర్వాత వేసుకోవచ్చు.

నేర్చుకోవడం ఎట్లా మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకు: అచ్చయిన సర్వే రిపోర్టులోంచి తెలంగాణ గ్రామీణ ఎస్సీలకు సంబంధించిన ఒక్క పట్టిక తీసుకోండి. మూల డేటాతో ఆ అంకెలే మళ్ళీ రాబట్టండి. రాకపోతే ముందు వెయిట్ చూడండి. నమూనాలోని రెండు సబ్‌శాంపిళ్ళను బట్టి దాన్ని 100 తోనా, 200 తోనా భాగించాలో రీడ్‌మీ ఫైల్లో రాసి ఉంటుంది. హాస్టల్లో నలుగురికి ఒక లాప్‌టాప్ ఉన్నా చాలు, వారానికి ఒక పట్టిక తేలుతుంది.