ధ్రువ ప్రాంతాల్లో తగ్గుతున్న సముద్రపు మంచు – వానాకాలంపై ప్రభావం

నారాయణపేట: జిల్లాలోని కంది, పత్తి వంటి వర్షాధార పంటలకు వాన ఎంత కురిసిందన్నదే కాక, ఎప్పుడు కురిసిందన్నదీ ముఖ్యమే. సెప్టెంబరు నెలాఖరులో కుండపోత కురిస్తే నల్లరేగడి చేలలో నీరు నిలిచి కంది దెబ్బతింటుంది. విచ్చిన పత్తి తడిసి ధర పడిపోతుంది. అటువంటి అకాల వర్షాలకు, సుదూర ఆర్కిటిక్ మహాసముద్రానికి గల సంబంధాన్ని శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు.

ఉత్తర ధ్రువ ప్రాంతంలో సముద్రంపై ఏర్పడే మంచు ఏటా సెప్టెంబరులో కనిష్ఠ స్థాయికి చేరుతుంది. 1979 నుండి ఉపగ్రహాల ద్వారా లభిస్తున్న సమాచారం ప్రకారం ఈ విస్తీర్ణం దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చినది. 2012 సెప్టెంబరులో ఇది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయినది. దక్షిణ ధ్రువాన అంటార్కిటికా చుట్టూ ఉన్న మంచు సైతం 2023 ఫిబ్రవరిలో సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గినది.

తెల్లని మంచు తనపై పడిన సూర్యకాంతిలో సగానికి పైగా తిప్పి పంపుతుంది. మంచు తొలగినచోట నల్లని సముద్రజలం 90 శాతానికి పైగా వేడిని గ్రహిస్తుంది. ఆ వేడి మరింత మంచును కరిగిస్తుంది. నీటిపై తేలే మంచు కరిగినంత మాత్రాన సముద్రమట్టం దాదాపు పెరగదు. గ్రీన్‌లాండ్ వంటి భూభాగాలపై ఉన్న మంచు కరిగితే పెరుగుతుంది. ఈ తేడాను గమనించవలసి ఉన్నది.

మంచు తగ్గడంతో రష్యా ఉత్తర తీరం వెంబడి నౌకామార్గం వేసవిలో తెరుచుకుంటున్నది. సూయజ్ కాలువ మార్గంతో పోల్చితే ఉత్తర ఐరోపా, జపాన్ మధ్య దూరం మూడో వంతు వరకు తగ్గుతుంది. 2018లో ‘వెంటా మర్‌స్క్’ అనే కంటైనర్ నౌక ఈ మార్గంలో ప్రయాణించినది. అయితే ఈ మార్గం ఏడాదిలో కొన్ని నెలలే అనుకూలం. పలుచోట్ల మంచును చీల్చే నౌకల తోడ్పాటు అవసరం. నౌకలు వెలువరించే మసి మంచుపై పడి కరుగుదలను వేగవంతం చేస్తుంది.

భారతదేశం 2008లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ‘హిమాద్రి’ పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించినది. 2022లో ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించినది. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గుదలకు, మధ్య భారతంలో సెప్టెంబరు చివరి అతి భారీ వర్షాలకు సంబంధం ఉండవచ్చునని గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2021లో వెల్లడించినది. అక్కడి సముద్రం వెలువరించే వేడి పైగాలుల గమనాన్ని మార్చగా, వేడెక్కిన అరేబియా సముద్రం తేమను అందిస్తుందని అది వివరించినది.

ఈ అధ్యయనం మధ్య భారతానికి సంబంధించినది. కావున జిల్లాలో కురిసే ప్రతి భారీ వర్షాన్నీ ఆర్కిటిక్‌కు ముడిపెట్టడం సరికాదు. కోతల వేళ రైతుకు తక్షణం అక్కరకు వచ్చేది వాతావరణ శాఖ జారీ చేసే జిల్లా స్థాయి హెచ్చరికయే. అది సకాలంలో గ్రామానికి చేరేలా చూడడం అధికారుల, పాత్రికేయుల ఉమ్మడి బాధ్యత.