కారే కవాటం

కొండవీటి కొండమీద రెడ్డిరాజుల కోటను చూడబోయినవారు అక్కడి చెరువులను కూడ చూచి ఉంటారు. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో అలుగు కూడ అంత ముఖ్యం. వాన ఎక్కువైననాడు మిగులు నీరు అలుగు మీదుగా పోవలె. పోకపోతే కట్ట తెగుతుంది. అలుగు పారుతున్నదని దానిని మట్టివేసి పూడ్చే రైతు ఉండడు. కాని ఆ కొండ కింది ఊళ్ళో మా బంధువుల ఇంట ఇటువంటి పనే జరిగింది. స్నానాలగదిలో గోడకు బిగించిన 25 లీటర్ల విద్యుత్ బాయిలరు (వాడుకలో గీజరు) అడుగున ఉన్న చిన్న ఇత్తడి కవాటం నుండి నీరు బొట్లుబొట్లుగా కారుతున్నదని, దాని మూతికి కొయ్య బిరడా కొట్టించారు. సెలవులకు వెళ్ళిన నేను స్విచ్చి వేయబోతూ దానిని చూచి చేయి వెనుకకు తీసుకొన్నాను.

ఆ కవాటం పేరు రక్షక కవాటం. 1679లో లండన్ రాయల్ సొసైటీ వారికి తన ఆవిరి పాత్రను చూపిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్, పాత్ర పగలకుండా దీనిని అమర్చినాడు. ఆయన వాడినది మీట, దానికి వేలాడే బరువు. మన కవాటంలో బరువుకు బదులు స్ప్రింగు ఉన్నది. నీరు వెళ్ళే రంధ్రం వ్యాసం 1 సెంటీమీటరు, కవాటం తెరుచుకొనే పీడనం 8 బార్లు అనుకొందాం. అప్పుడు స్ప్రింగు మూతను సుమారు 6.4 కిలోగ్రాముల బరువుతో అదిమి ఉంచవలె. లోపలి పీడనం అంతకు మించితే మూత లేస్తుంది, కొంత నీరు బయటికి పోతుంది, పీడనం తగ్గగానే మూత మళ్ళీ కూర్చుంటుంది.

కొద్దిపాటి నీటికి ఇంత ఏర్పాటు ఎందుకు? 25 డిగ్రీల నీటిని 65 డిగ్రీలకు కాచితే దాని ఘనపరిమాణం నూటికి 1.7 వంతులు పెరుగుతుంది. 25 లీటర్లకు ఇది సుమారు 400 మిల్లీలీటర్లు, అనగా రెండు గ్లాసులు. నీరు వచ్చే గొట్టంలో వెనుకకు పోనీయని కవాటం ఉంటే ఈ రెండు గ్లాసులకు చోటు లేదు. నీరు గాలివలె నొక్కితే నొక్కుకుపోయేది కాదు. పాత్ర ఏమాత్రం సాగదనుకొంటే పీడనం 300 వాతావరణాలను దాటుతుంది! ఏ తొట్టీ అంతవరకు ఆగదు. కాబట్టి నీరు కాగుతున్నంతసేపు నాలుగు బొట్లు కారడం లోపం కాదు, కవాటం తన పని చేస్తున్నదని గుర్తు.

ఇంతకన్న పెద్ద ప్రమాదం థర్మోస్టాటు చెడినప్పుడు. మూసిన పాత్రలో నీరు 100 డిగ్రీల వద్ద మరగక ఇంకా వేడెక్కుతుంది. 150 డిగ్రీల వద్ద ఆవిరి పీడనం దాదాపు 4.8 బార్లు, 180 వద్ద 10 బార్లు. 150 డిగ్రీల వద్ద తొట్టి పగిలిందనుకోండి. అందులోని నీటిలో పదోవంతుకు కొంచెం తక్కువ ఆ క్షణంలోనే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరికి మూడున్నర వేల లీటర్ల చోటు కావలె. చిన్న స్నానాలగది పైకప్పును ఏమి చేస్తుందో విద్యార్థులు ఊహించవచ్చు.

ఇక కారడంలో రకాలున్నవి. కాగేటప్పుడే కారి, స్విచ్చి తీసిన తరువాత ఆగితే అది వ్యాకోచమే. పొగలుగక్కే నీరు చిమ్మితే దగ్గరకు పోకుండా దూరంగా ఉన్న మెయిన్ స్విచ్చి తీయవలె; తప్పు థర్మోస్టాటుది. చల్లని నీరు పగలూ రాత్రీ కారుతుంటే మూత సరిగా కూర్చోవడం లేదు. మేడమీది తొట్టి 10 మీటర్ల ఎత్తున ఉన్నా ఇచ్చే పీడనం 1 బారే. 8 బార్లకు తెరుచుకొనే మూత దానికి లేవరాదు. మా బంధువుల ఇంట జరిగినది ఇదే. పలనాటిలో, మాచర్ల, పిడుగురాళ్ళ వైపు, సున్నపురాయి విస్తారం. అట్టి నేలలో ఊరిన నీటిలో కాల్షియం బైకార్బనేటు కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది విడిపోయి తెల్లని కార్బనేటు పెచ్చుగా దిగుతుంది. గోరుమీది పొడి అంత పెచ్చు మూత కింద చిక్కినా చాలు. మీట ఉన్న కవాటమైతే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి ఎత్తి వదిలితే నలుసు కొట్టుకుపోవచ్చు. పోకపోతే కవాటం మార్చవలసిందే.

ముందు మెయిన్ స్విచ్చి తీసి, నీరు పూర్తిగా చల్లారనిచ్చి, వచ్చే నీటిని కట్టివేసి, తొట్టిని ఖాళీచేయవలె. ఒక పానాతో తొట్టి గొట్టాన్ని కదలకుండా పట్టి, రెండవ పానాతో కవాటాన్ని విప్పవలె. ఒక్క పానాతో బలం చేస్తే గొట్టమే తిరిగి తొట్టి అతుకు చిట్లుతుంది. మరచుట్లను తుడిచి, బిగించే దిశలోనే టెఫ్లాన్ టేపు చుట్టి, బాణపు గుర్తు నీరు పోయేవైపు ఉండేటట్లు కొత్తదాన్ని బిగించవలె. కొత్తదాని అంకె తొట్టి రేకుమీది అంకెను మించరాదు. “ఎక్కువది గట్టిది గదా” అని దుకాణంలో చెప్పేవారున్నారు. అది అలుగును కట్టకన్న ఎత్తుగా కట్టడమే. వదులు గొట్టాన్ని కిందికి వంచి తెరిచి ఉంచవలె, దానిమీద మరొక కుళాయి పనికిరాదు. తరువాత వేన్నీళ్ళ కుళాయి తెరిచి, గాలి పోయి నీరు నిండుగా వచ్చేవరకు నింపి, అప్పుడే స్విచ్చి వేయవలె. ఖాళీ తొట్టిలో తీగ కాలిపోతుంది. విద్యుత్తు పని తెలియనివారు ఈ పనంతా ప్లంబరుకు అప్పగించడం మంచిది.

మేము బిరడా పీకించి కొత్త కవాటం వేయించాము. పగలంతా కారడం పోయింది. కాగేటప్పుడు మాత్రం బొట్లు పడుతున్నవి. ఆ ఇంటి పదోతరగతి పిల్లవాడు కింద కొలపాత్ర పెట్టి చూస్తే 300 మిల్లీలీటర్ల పైచిలుకు తేలింది. లెక్కకు 400 రావలసి ఉండగా తక్కువెందుకు వచ్చిందని నన్ను అడిగినాడు. తొట్టి అడుగు నీరు పైనీటి అంత కాగలేదని చెప్పి, అడుగు ఉష్ణోగ్రత ఎంత ఉండి ఉంటుందో లెక్కకట్టమని వాడికే వదిలినాను.