బండి కదలనంటుంది, కదిలితే ఆగనంటుంది



కల్లంలో ధాన్యం బస్తాలు ఎత్తిన బండిని కదిలించడం మీకందరికీ అనుభవమే. ఎద్దులు మెడలు వంచి, కాళ్ళు నేలలో ఊని, ఒక్క ఊపు ఊపితే గాని చక్రం కదలదు. వెనుకనుంచి మనమూ చెయ్యి వేస్తాం. నాలుగడుగులు సాగిందంటే ఇక ఆ అవస్థ ఉండదు. బస్తాలు అవే, ఎద్దులు అవే. మరి మొదట అంత బలం ఎందుకు కావలసి వచ్చింది?

ఆగివున్న వస్తువు అలాగే ఉండిపోవాలని చూస్తుంది. కదులుతున్నది అదే వేగంతో, తిన్నగా పోవాలని చూస్తుంది. బయటి బలం ఏదైనా వచ్చి మార్చేదాకా దాని తీరు మారదు. దీన్నే జడత్వమంటారు. 1687లో న్యూటన్ అచ్చువేయించిన గ్రంథంలో ఇది మొదటి సూత్రం. మీ పిల్లలు బడిలో వల్లెవేసేదీ ఇదే. నడిచే బండిని లాగాలంటే ఇరుసు రాపిడినీ, నేల పట్టునూ తట్టుకుంటే చాలు. కదిలించాలంటే వాటికి తోడు జడత్వాన్ని కూడా జయించాలి.

ఎద్దుబండి మనిషి నడకతో పోయేది గనుక ఈ సంగతి తెలియకపోయినా అంతగా ముప్పు లేదు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించాక మాత్రం లెక్క వేరు.

ట్రాక్టరు 2 టన్నులు, సరుకుతో ట్రాలీ 4 టన్నులు అనుకోండి. మన ట్రాలీలలో చాలావాటికి బ్రేకులు ఉండవు. ఆపేది ట్రాక్టరు చక్రాలే, ఆగవలసింది మాత్రం 6 టన్నులు! గంటకు 10 కిలోమీటర్ల వేగంలో వట్టి ట్రాక్టరు 2 మీటర్లలో ఆగేట్టయితే, ఇది సుమారు 6 మీటర్లు పోతుంది. వేగం 20 చేస్తే 12 మీటర్లు అనుకుంటాం. కాదండీ, 24! వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. కాలు బ్రేకు మీదికి పోయేలోపల దొర్లే నాలుగైదు మీటర్లు దీనికి అదనం.

వాలు దిగేటప్పుడు ట్రాలీ వెనుకనుంచి తోస్తుంది. అక్కడ డీజిలు మిగులుతుందని గేరు తీసేసేవారు ఉన్నారు. ఆ నాలుగు చుక్కలకోసం ఇంజను పట్టును వదులుకుంటున్నారన్నమాట. వాలు మొదలుకాక ముందే తక్కువ గేరులో వేసుకోవాలి. సగం దిగాక మార్చబోతే, క్లచ్చు నొక్కిన ఆ క్షణమే బండి చేయిదాటవచ్చు.

ఇంకొక సంగతి. చాలు చివర తిప్పుకోవడానికి వీలుగా ట్రాక్టరుకు కుడి ఎడమ బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కేముందు రెండు పెడళ్ళనూ కలిపే గడియ తప్పక వేయాలి. వేయకపోతే ఒక వైపే పట్టి ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, ట్రాలీ మాత్రం తిన్నగానే పోతానంటుంది.

నాట్లకు పోయే కూలీలను ట్రాలీలో ఎక్కించుకుంటున్నాం. కాలువగట్టు మలుపులో ట్రాక్టరు తిరుగుతుంది. పైన ఉన్న మనుషుల ఒళ్ళు తిన్నగా పోవాలని చూస్తుంది. బస్తాలకైతే తాడు కడతాం. మనుషులకు ఏం కడుతున్నాం?

విస్తరణ కార్యకర్తలు ఊళ్ళో ఈ పరీక్ష చేసి చూపవచ్చు. జనాన్ని దూరంగా నిలిపి, చదునైన చోట నేలమీద సున్నంతో గీత గీయండి. 10 కిలోమీటర్లు మించకుండా వచ్చి, గీత దగ్గర బ్రేకు తొక్కమనండి. ముందు వట్టి ట్రాక్టరు, తర్వాత బస్తాల ట్రాలీతో. ఎంత దూరంలో ఆగుతుందో తోలేవాణ్ణి ముందే చెప్పమని, ఆ తర్వాత అడుగులు కొలవండి.